కొమ్ము మొలిచిన మట్టి



ఈ రోజు మట్టి బొమ్మల గురించి మాట్లాడుకుందాం. ఇవి దేవుడి బొమ్మలని గానీ, మనిషి బొమ్మలని గానీ, జంతువుల బొమ్మలని గానీ విడదీసి చెప్పటానికి వీల్లేనివి. మనిషి తలకు దుప్పి కొమ్ములుంటాయి. ఆడమనిషి భుజాల నుంచి పక్షి రెక్కలు మొలుస్తాయి. ఎద్దు తల కింద మనిషి చేతులుంటాయి. హంగేరీ దేశపు సిరామిక్ కళలో, దాని చుట్టూ ఉన్న కళల్లో, ఇలాంటి రూపాలు నూరేళ్ళకు పైగా మళ్ళీ మళ్ళీ పలకరిస్తున్నాయి. వీటి వెనుక ఆ దేశపు పల్లెల్లో చాలాకాలం నిలిచిన ఒక నమ్మకం ఉంది. రేడియోలో బొమ్మను చూపించలేను కనుక కొంచెం నిదానంగా, ఒక్కొక్కటే కళ్ళముందు నిలబెట్టే ప్రయత్నం చేస్తాను.

ముందుగా బుడాపెస్ట్ నగరంలో ఒక భవనం కప్పు మీదికి వెళదాం. పోస్టల్ సేవింగ్స్ బ్యాంకు కోసం కట్టిన ఆ భవనం 1901లో పూర్తయింది. ఓడోన్ లెహ్నర్ అనే వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేశాడు. కప్పంతా ఆకుపచ్చ, పసుపు రంగుల మెరుగు పెంకులు. గోడల వెంట స్తంభాల మీద మట్టి తేనెటీగలు పైనున్న తేనెతుట్టె వైపు పాకుతుంటాయి. పొదుపు చేసే బ్యాంకు కనుక తేనెటీగలు. ఇంకా పైకి పోతే మెలికలు తిరిగిన పాము తోకలు, రెక్కలున్న జీవులు, శిఖరాల మీద ఎద్దు తలలు. అన్నీ కాల్చిన మట్టే. పేచ్ నగరంలోని జోల్నై కర్మాగారం వీటిని తయారుచేసింది. చలికాలంలో మంచు పట్టినా పగలని గట్టి మట్టి పదార్థాన్ని ఆ కర్మాగారం అప్పటికే రూపొందించింది. ఆ భవనం ఉన్న వీధి ఇరుకు. కింద నిలబడి తల ఎంత ఎత్తినా కప్పు సరిగా కనబడదు. ఎవరూ చూడని చోట ఇంత పని ఎందుకని అడిగితే, పక్షులు చూస్తాయి కదా అని లెహ్నర్ అన్నాడని ఆ నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఎద్దు తలలు ఎక్కడివి? వాటి మూలం మట్టిలో దొరికిన బంగారం. 1799లో నాజ్‌సెంట్‌మిక్లోష్ అనే ఊళ్ళో ఒక రైతు తవ్వుతుంటే బంగారు పాత్రలు బయటపడ్డాయి. మొత్తం 23. బరువు పది కిలోలకు కాస్త తక్కువ. ఇప్పుడవి వియన్నా మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఊరు ఇప్పుడు రుమేనియాలో, సరిహద్దు దగ్గర ఉంది. ఆ పాత్రల్లో కొన్ని గిన్నెలకు ఎద్దు తల ఉంటుంది. గిన్నె ఒళ్ళే ఎద్దు ఒళ్ళు. ఒక కూజా మీద నాలుగు గుండ్రటి చిత్రాలున్నాయి. ఒకదానిలో పెద్ద గద్ద ఒక మనిషిని కాళ్ళతో పట్టుకుని పైకి లేస్తోంది. ఇంకొకదానిలో ఒక వేటగాడు రెక్కలున్న సింహం మీద స్వారీ చేస్తున్నాడు, ఆ సింహానికి కిరీటం పెట్టుకున్న మనిషి తల. ఈ నిధి ఎవరిదన్నది పండితులు నేటికీ తేల్చలేదు. అవార్లదంటారు కొందరు, బల్గార్లదంటారు కొందరు. పందొమ్మిదో శతాబ్దపు హంగేరీయులు మాత్రం దాన్ని హూణ రాజు అట్టిలా నిధి అని పిలుచుకుని, తమ పూర్వుల సొత్తుగా భావించారు. లెహ్నర్ కూడా ఆ భావనతోనే ఎద్దు తలల్ని నగరం నెత్తిన నిలబెట్టాడు. చరిత్ర తేలకపోయినా కళకు ముడిసరుకు దొరికింది. ఈ తీరు మనకు ఈ ప్రసంగంలో మళ్ళీ ఎదురవుతుంది.

ఇక అసలు మనిషి దగ్గరకు వద్దాం. అతని పేరు తాల్తోష్.

హంగేరీ పల్లెల్లో తాల్తోష్ అంటే నేర్చుకుని అయ్యేవాడు కాదు, పుట్టుకతో వచ్చేవాడు. పుట్టినప్పుడే నోట్లో పళ్ళుంటాయి, లేదా చేతికి ఆరో వేలుంటుంది. మంత్రసాని ఆ సంగతి గుట్టుగా ఉంచాలి. బయటపడితే ఆ బిడ్డకున్న శక్తి పోతుంది. ఏడేళ్ళ వయసులోనో ఆ తరువాతనో అతనికి పిలుపు వస్తుంది. ఒద్దన్నా వదలదు. మూడు రోజులు చచ్చినవాడిలా నిద్రపోతాడు. ఆ నిద్రలో ఏవో శక్తులు అతన్ని ముక్కలుగా కోసి, ఎముకలు లెక్కపెట్టి, మళ్ళీ అతుకుతాయని కొన్ని కథనాలు చెబుతాయి. ఆకాశాన్ని తాకే చెట్టు ఎక్కి దిగాలని మరికొన్ని చెబుతాయి. తాల్తోష్ ఇంటింటికీ వచ్చి పాలు అడుగుతాడు, గుడ్లు అడుగుతాడు. ఇవ్వకపోతే వడగళ్ళ వాన తెస్తాడని భయం. అందుకే ఇల్లాళ్ళు లేదనకుండా పోసేవారు.

అతని పనుల్లో పెద్దది యుద్ధం. ఒక తాల్తోష్ మరో ఊరి తాల్తోష్‌తో పోరాడతాడు. ఆ పోరు మనిషి రూపంలో జరగదు. ఇద్దరూ ఎద్దులవుతారు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. కొన్ని కథల్లో గుర్రాలవుతారు, కొన్నిట్లో నిప్పు చక్రాలవుతారు. పైన మబ్బులు కమ్ముకుంటాయి, గాలి లేస్తుంది. పోరుకు పోయేముందు తాల్తోష్ తనకు తిండి పెట్టిన రైతుతోనో, పశువుల కాపరితోనో ఒక మాట చెప్పి పోతాడు: నేను ఓడిపోయేలా కనిపిస్తే అవతలి ఎద్దు గిట్టల మీద కర్రతో కొట్టు. ఈ కథలో నన్ను కదిలించేది ఆ మాటే. అంత శక్తి ఉన్నవాడు, ఆకాశపు చెట్టు ఎక్కినవాడు, ఊళ్ళోని మామూలు మనిషి సాయం అడుగుతాడు. గెలిస్తే ఆ ఊరి పంట నిలుస్తుంది. ఈ నమ్మకం కేవలం మగవారిదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దపు మంత్రగత్తెల విచారణల్లో, తాము తాల్తోషులమని చెప్పుకున్న స్త్రీల వాంగ్మూలాలు ఉన్నాయి.

విల్మోష్ దియోసెగి అనే పండితుడు 1958లో తాల్తోష్ మీద ఒక పెద్ద పుస్తకం ప్రచురించాడు. పల్లెల్లో ముసలివాళ్ళ దగ్గర కథలు సేకరించి, సైబీరియా వెళ్ళి అక్కడి షామన్ల, అంటే ఆత్మలతో వ్యవహరించే మాంత్రికుల, ఆచారాల్ని స్వయంగా పరిశీలించాడు. హంగేరీ భాషకు దగ్గరి చుట్టాలైన ఖాంతీ, మాన్సీ భాషలు ఈనాటికీ సైబీరియాలో ఓబ్ నది ప్రాంతంలో ఉన్నాయి. హంగేరీయుల పూర్వులైన మజ్యార్లు 895 ప్రాంతంలో తూర్పు మైదానాల నుంచి వచ్చి ఇప్పటి దేశంలో స్థిరపడ్డారు. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో స్తెఫాన్ రాజు క్రైస్తవాన్ని రాజ్యానికి మతం చేశాడు. అది నచ్చనివాళ్ళు 1046లో తిరగబడ్డారు కూడా. దియోసెగి వాదన ఇది: చర్చి గంటల కింద ఆ పాత షామన్ నమ్మకం చావలేదు, తాల్తోష్ కథగా బతికింది. ఆరో వేలు అందుకు అతను చూపిన గట్టి ఆధారం. సైబీరియాలో షామన్ కాబోయే మనిషిని ఆత్మలు కోసి, అతనిలో ఒక ఎముక ఎక్కువుందేమో వెతుకుతాయి. ఉంటేనే అతను పనికొస్తాడు. హంగేరీ పల్లెలోని ఆరో వేలు ఆ అదనపు ఎముకే అంటాడు దియోసెగి.

దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. వారిలో ముఖ్యురాలు ఎవా పోచ్ అనే పరిశోధకురాలు. వాతావరణం కోసం, పంట కోసం నిద్రలో ఆత్మలు పోరాడటమనే నమ్మకం బాల్కన్ దేశాల్లోనూ, ఉత్తర ఇటలీలోనూ ఉంది. తాల్తోష్‌కు దగ్గరి పోలికలు ఆ ఇరుగుపొరుగు నమ్మకాల్లోనే కనిపిస్తుంటే అంత దూరపు సైబీరియాకు పోవటం ఎందుకన్నది ఆమె వైపు వాదన. దొరికిన ఆధారాలు ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. తాల్తోష్ చేతిలో డప్పు ఉందా లేదా అన్నదాని మీద కూడా పండితులు ఒక పిల్లల ఆటపాటను పట్టుకుని చర్చించవలసి వచ్చింది. కాలు తెగిన కొంగకు పిల్లనగ్రోవితో, డప్పుతో వైద్యం చేస్తామని పిల్లలు పాడుకునే పాట అది.

నా మటుకు నాకు ఇద్దరి వాదనలోనూ నిజం కనిపిస్తుంది. ఒక జనం వలస వచ్చినప్పుడు కొంత మోసుకొస్తారు, వచ్చినచోట కొంత ఎత్తుకుంటారు. తమ మూలం తూర్పున ఎక్కడో ఉందన్న తపన మాత్రం హంగేరీయులది చాలా పాతది. అలెగ్జాండర్ చోమా ద కోరోష్ అనే పండితుడు ఆ మూలాన్ని వెతుక్కుంటూనే ఆసియా దారి పట్టి మన దేశానికి వచ్చాడు. లదాఖ్ ప్రాంతపు బౌద్ధ మఠాల్లో టిబెటన్ నేర్చుకుని, 1834లో కలకత్తాలో టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించాడు. 1842లో డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. వెతికింది దొరకలేదు గానీ ప్రపంచానికి టిబెటన్ విద్య దొరికింది.

ఇప్పుడు శిల్పం సంగతి. ఇక్కడ ఒక విషయం మీరు శ్రద్ధగా వినాలి. నేను చెప్పిన కథల్లో తాల్తోష్ ఎద్దు అవుతాడు. పూర్తిగా ఎద్దే అవుతాడు. పోరు అయ్యాక మళ్ళీ పూర్తిగా మనిషి అవుతాడు. సగం ఎద్దు, సగం మనిషి అయిన ప్రాణి ఆ కథల్లో లేదు. మరి మట్టి శిల్పాల్లో ఎలా వచ్చింది? కథకు కాలం ఉంది. ముందు మనిషి, తరువాత ఎద్దు అని చెప్పుకుంటూ పోవచ్చు. శిల్పానికి ఆ వీలు లేదు. అది ఒక్క క్షణంలో నిలబడిపోతుంది. మనిషిని చేస్తే మార్పు కనబడదు, ఎద్దును చేస్తే ఊళ్ళో మేసే ఎద్దుకూ దానికీ తేడా తెలియదు. మార్పును చూపించాలంటే శిల్పికి ఒకటే దారి, రెండు ఒళ్ళనూ ఒకే ఒంట్లో ఉంచటం. కథ మట్టిలోకి దిగినప్పుడు పుట్టిన ప్రాణి ఇది. అందుకే దీన్ని రాక్షసుడిగా చూడకూడదు. ఇది దారి మధ్యలో ఉన్న మనిషి.

ఈ పరిష్కారం శిల్పులు మొదటిసారి కనిపెట్టిందేమీ కాదు. సైబీరియా షామన్లు తమ వేషంలోనే ఈ పని చేశారు. నికోలాస్ విట్సెన్ అనే డచ్చి పెద్దమనిషి 1692లో ప్రచురించిన పుస్తకంలో తుంగూస్ తెగ షామన్ బొమ్మ ఒకటుంది. తల మీద కొమ్ములు, కాళ్ళకు గోళ్ళున్న పంజాలు, చేతిలో డప్పు. వేషం కట్టుకున్న ఆ మనిషిని గీసిన బొమ్మకారుడి చేతిలో, వేషమేదో ఒళ్ళేదో తెలియని ప్రాణి తయారైంది. యూరప్‌లో అచ్చయిన షామన్ బొమ్మల్లో అది తొలి వాటిలో ఒకటి.

మన శ్రోతలకు ఇక్కడ మన ఊళ్ళలోని పూనకం గుర్తొస్తుంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మరునాడు రంగం జరుగుతుంది. జోగిని పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. కాల్చని కుండ మనిషి బరువు మోయటం అక్కడి విశేషం. ఆవేశానికీ మట్టికీ ఉన్న చుట్టరికం మనకు చెప్పనక్కరలేదు. అయితే ఒక తేడా గమనించాలి. పూనకంలో అమ్మవారు మనిషిలోకి వస్తుంది. షామన్ విద్యలో మనిషి ప్రాణమే ఒళ్ళు వదిలి బయలుదేరుతుంది, చెట్టెక్కుతుంది, ఎద్దై పోరాడుతుంది, తిరిగొస్తుంది. హంగేరీ సంప్రదాయం ఈ రెండో దారిది. కనుక ఆ శిల్పాల్లో కొమ్ము బయటి నుంచి వచ్చి తల మీద కూర్చున్నట్టు ఉండకూడదు. లోపలి నుంచి మొలిచినట్టు ఉండాలి.

కొమ్ముల గురించి మాట్లాడుతూ బేలా బార్తోక్‌ను విడిచిపెట్టలేం. ఇందాక చెప్పిన నిధి దొరికిన ఊరే ఆ మహా సంగీతకారుడి జన్మస్థలం. 1881లో అక్కడే పుట్టాడు. పల్లె పల్లె తిరిగి జానపద గీతాలు సేకరించిన ఆయన, ట్రాన్సిల్వేనియాలోని రుమేనియన్ పండుగ పాటల్లో ఒక కథ విన్నాడు. దాని ఆధారంగా 1930లో 'కంటాటా ప్రొఫానా' అనే గానకృతి రాశాడు. ఒక తండ్రికి తొమ్మిదిమంది కొడుకులు. వేట తప్ప ఇంకో పని నేర్పలేదు వాళ్ళకు. అడవిలో ఒక వంతెన దాటి, దుప్పులై పోయారు. వెతుక్కుంటూ వచ్చిన తండ్రి బాణం ఎక్కుపెట్టేసరికి పెద్ద దుప్పి మనిషి గొంతుతో మాట్లాడింది. ఇంటికి రండి, దీపం వెలుగుతోంది, అమ్మ ఎదురుచూస్తోంది అన్నాడు తండ్రి. మేము రాలేము, మా కొమ్ములు గుమ్మంలో పట్టవు అంది దుప్పి. ఇదీ ఆ కథ సారం. ఈ కథలో కూడా దుప్పి పూర్తి దుప్పే, గొంతొక్కటే మనిషిది. 1955లో ఫెరెంత్స్ యుహాస్ అనే కవి ఇదే వస్తువు మీద ఒక పెద్ద కవిత రాశాడు. 1981లో మార్సెల్ యాంకోవిచ్ తెల్ల గుర్రానికి పుట్టిన కొడుకు కథను యానిమేషన్ చిత్రంగా తీశాడు. అందులో రూపాలు క్షణక్షణం ఒకదానిలోంచి ఒకటి పుడుతుంటాయి. సంగీతం, కవిత, సినిమా ఈ మూడిటికీ కాలం చేతిలో ఉంది. మట్టి పనివాడికి లేదు.

కొమ్ములు గుమ్మంలో పట్టకపోవటం మట్టి పనివాడికి కథలో మాట కాదు, రోజువారీ కష్టం. పెద్ద కొమ్ములున్న బొమ్మ బట్టీ తలుపులో పట్టదు. కొమ్ముల్ని విడిగా చేసి, విడిగా కాల్చి, తరువాత అమర్చాలి. లేదా కొమ్ములు పొట్టిగా చేయాలి. లేదా బట్టీనే బొమ్మ చుట్టూ కట్టాలి.

ఇంకా లోపలికి పోదాం. ఎందుకంటే ఈ బొమ్మల గొప్పతనం చూపుకన్నా పనిలో ఎక్కువ ఉంది. బంకమట్టి ఎండి, కాలేసరికి నూటికి పది పాళ్ళ దాకా కుంచించుకుంటుంది. అంతటా ఒకేలా కుంచించుకుంటే చిక్కు లేదు. మనిషి మొండెం బోలుగా, గోడలు మందంగా ఉంటుంది. దానికి అతికించిన కొమ్ము సన్నగా ఉంటుంది. సన్నది ముందు ఎండుతుంది, ముందు కుంచించుకుంటుంది. మందమైనది ఇంకా తడిగా ఉంటుంది. ఈ రెండిటి లాగులాట అతుకు దగ్గర తేలుతుంది, పగులు అక్కడే వస్తుంది. అందుకని పనివాడు రెండు ముక్కలూ ఒకే తడి మీద ఉన్నప్పుడు అతుకుతాడు. అతికే చోట గీతలు గీసి, పలచటి మట్టి జావ పూసి, నొక్కి, తట్టి, కొమ్ముకు తడి గుడ్డ చుట్టి, రోజుల తరబడి నీడలో ఆరనిస్తాడు. ముందే కాల్చి పొడి చేసిన మట్టిని పచ్చిమట్టిలో కలుపుతాడు. అది కలిస్తే కుంచించుకోవటం తగ్గుతుంది, లోపలి తడి బయటికి రావటానికి దారి దొరుకుతుంది. బోలుగా ఉన్న ప్రతి భాగానికీ కనబడని చోట ఒక చిల్లు వదలాలి. వదలకపోతే ఆవిరి పగలగొట్టుకుని బయటికొస్తుంది.

ఆ తరువాత నిప్పు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ లోపలి అమరిక మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే చోట మళ్ళీ ముడుచుకుంటుంది. వేడి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందరపడితే రెక్కలు, కొమ్ములు, వేళ్ళు పోతాయి. అది దాటాక ఆ మట్టి ఇక వెనక్కి రాదు. ఎన్ని నీళ్ళు పోసినా మెత్తబడదు. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి పోవటం గురించి చెప్పే కథకు, తానే అలా మారిపోయే మట్టి కంటే తగిన పదార్థం నాకు తోచదు. కంచు పోతలోనూ, చెక్క పనిలోనూ మంచి శిల్పాలున్నాయి, కాదనను. కానీ తాల్తోష్ మూడు రోజుల నిద్రలో ముక్కలై అతుక్కున్నట్టే, ఈ బొమ్మ కూడా ముక్కలుగా పుట్టి అతుక్కుని నిప్పులో నిలుస్తుంది. అది చేతి పనిలోనే ఉన్న పోలిక, ఎవరూ తెచ్చిపెట్టింది కాదు.

హంగేరీ మైదానంలో కుండకూ ఒంటికీ మధ్య గీత ఎప్పుడూ పలచగానే ఉంది. హోద్‌మెజోవాషార్‌హెయ్ దగ్గర కొకేన్‌దొంబ్ అనే చోట దాదాపు ఏడువేల ఏళ్ళ నాటి మట్టి పాత్రలు దొరికాయి. కూర్చున్న ఆడమనిషి ఆకారంలో ఉంటాయవి. మజ్యార్లు ఆ నేలకు రావటానికి ఎన్నో వేల ఏళ్ళ ముందువి. వాటికీ తాల్తోష్‌కూ చుట్టరికం అంటగట్టటం తప్పు. కానీ అదే మైదానపు కుమ్మరులు పందొమ్మిదో శతాబ్దంలో మిష్క అనే మనిషి కూజా చేశారు. మెజోచాత్ అందుకు పేరున్న ఊరు. ముఖం, మీసాలు, నెత్తిన సిపాయి టోపీ, రొమ్ము మీద సిపాయి కోటు పట్టీలు, వాటి మీద పాకుతూ ఒక పాము. లోపల ద్రాక్షసారా. పండుగ భోజనాల్లో బల్ల మీద అతనూ ఒక మనిషిలా కూర్చునేవాడు. నాదుద్వర్ అనే మరో ఊళ్ళో కుమ్మరులు కాల్పు చివర గాలి అందకుండా మూసి, పొగతో కుండల్ని నల్లగా తీస్తారు. అదే మట్టి గాలి తగిలితే ఎరుపు, తగలకపోతే నలుపు. నల్ల ఎద్దు కథ తెలిసిన శిల్పికి ఆ నలుపు ఏ రంగు డబ్బాలోనూ దొరకదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పల్లె పనినీ కళాశాల చదువునూ ఒక్కచోట చేర్చినవారిలో మార్గిత్ కోవాచ్ పేరు ముందు చెప్పాలి. 1902లో గ్యోర్ పట్టణంలో పుట్టింది, 1977లో చనిపోయింది. వియన్నాలో, మ్యూనిక్‌లో చదువుకుంది. ఆమె పద్ధతి చూడండి: సారె మీద పొడుగాటి కుండల్లాంటివి తీస్తుంది. అవి పచ్చిగా ఉండగానే నొక్కి, వంచి, ఒకదానికొకటి చేర్చి మనుషుల్ని చేస్తుంది. ఒక పడుచు నడుము నిజానికి ఒక కూజా మెడ. ఒక తల్లి పైట నిజానికి ఒక కుండ అంచు. బైబిలు కథలూ, పల్లె పాటలూ, జానపద కథలూ ఆమె వస్తువులు. ఆమె బొమ్మలు షామన్ బొమ్మలు కావు. అయినా ఆమెను ఇక్కడ తలచుకోవటానికి కారణం ఉంది: వస్తువు ఒంట్లోంచి మనిషి ఒళ్ళు మొలవటం ఎలాగో ఆమె చూపినంత తేటగా ఇంకెవరూ చూపలేదు. ఆమె తరువాతి తరంలో ఇమ్రె ష్రామెల్ మినోటార్ అనే ఎద్దు తల మనిషిని తన మట్టిలోకి తెచ్చాడు. ఆ ఎద్దు గ్రీకు కథలోది. కానీ ఎద్దులు పోరాడే ఆకాశం కింద పెరిగిన చూపరికి అది పూర్తిగా పరాయిదిగా అనిపించదు. కెచ్‌కెమేత్ పట్టణంలో 1970ల చివరి నుంచి నడుస్తున్న అంతర్జాతీయ సిరామిక్ స్టూడియోలో దేశదేశాల శిల్పులు వచ్చి ఉండి పనిచేస్తారు.

ఈ కథల పేరు మీద ఇవాళ చాలా సరుకు తయారవుతోంది. దానిలో అంతా మంచిది కాదని నిష్కర్షగా చెప్పాలి. కొమ్ములు, డప్పు, ఈకలు, అర్థం కాని నాలుగు గీతలు పెట్టి, ఇది మా పూర్వుల జ్ఞానమని చీటీ అంటించి అమ్మే బొమ్మలు ఉన్నాయి. వాటిలో అన్నీ ఉంటాయి, తాల్తోష్ ఉండడు. పాలు అడిగిన ఆకలి ఉండదు, గిట్టల మీద కొట్టమని బతిమాలిన భయం ఉండదు. ఇంకో పక్క, ఈ బొమ్మల్ని ఒక జాతి స్వచ్ఛతకు సాక్ష్యంగా నిలబెట్టేవాళ్ళున్నారు. బంగారు నిధి ఎవరిదో తేలలేదు. దుప్పుల కథ రుమేనియన్ పాటల్లో దొరికింది. మొహాచ్ పట్టణంలో చలికాలం చివర కొమ్ముల కొయ్య ముసుగులు, గొర్రె తోళ్ళు వేసుకుని తిరిగే బుషోల పండుగ అక్కడి షోకాత్స్ అనే క్రొయేషియన్ జనానిది, దాన్నే యునెస్కో 2009లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇన్ని జనాల నుంచి ఇన్ని ముక్కలు వచ్చి అతికిన ప్రాణిని పట్టుకుని ఇది ఒక్కరిదే అనటం ఆ ప్రాణి స్వభావానికే విరుద్ధం.

మంచి బొమ్మను గుర్తించటానికి నేను అతుకు చూస్తాను. మెడ దగ్గర మనిషి చర్మం ఎక్కడ ఆగింది, ఎద్దు తోలు ఎక్కడ మొదలైంది? కొమ్ము మొలిచే చోట నుదురు నొప్పి పడుతోందా? రెక్క బరువుకు భుజం వంగిందా? పనితనం చాలనివాడు అక్కడ ఒక హారమో జుట్టో పెట్టి కప్పేస్తాడు. పనితనం ఉన్నవాడు అక్కడే తన వేలిముద్ర వదిలేస్తాడు. మార్పు జరిగే చోటు అదే కనుక చూడవలసిందీ అదే.

చదువుకో ఉద్యోగానికో మీ పిల్లలు హంగేరీలో ఉంటే, మీరు ఎప్పుడైనా వెళ్ళే వీలుంటే, రెండు చోట్లకు తప్పకుండా వెళ్ళండి. ఒకటి, బుడాపెస్ట్‌లో హోల్డ్ వీధిలోని లెహ్నర్ భవనం. కింద నుంచి సరిగా కనబడదు, ఎదుటి వైపుకు జరిగి ఓపిగ్గా తల ఎత్తి చూడండి. రెండు, రాజధానికి దగ్గరలోనే దాన్యూబ్ ఒడ్డున ఉన్న సెంటెంద్రె పట్టణంలో 1973 నుంచి ఉన్న మార్గిత్ కోవాచ్ మ్యూజియం. మన శిల్ప కళాశాలల్లో చదివే పిల్లలకూ, సారె మీద కూర్చునే మన కుమ్మరి కుటుంబాల పిల్లలకూ ఆమె పని ఫొటోలైనా చూపించండి. సారె మీద కుండతో పాటు ఇంకేం తీయవచ్చో వాళ్ళకు చెప్పే పుస్తకాలు మన భాషలో తక్కువ. ఆ కొరత తీర్చవలసిన పని మన కళా సంస్థలదీ, మన పత్రికలదీ, మనందరిదీ.